పిల్లలు, తల్లిదండ్రులు ఉన్న ఉద్యోగికి ఆదాయపు పన్నులో ఏం తగ్గుతుంది?

హనుమకొండ నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆమె భర్త పరకాల దగ్గర ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్. 2025-26లో ఆయన స్థూల జీతం 13 లక్షల 60 వేలు. ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, ఏడాదికి 4 లక్షల 20 వేలు వస్తాయి. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అబ్బాయి ఆరో తరగతి. నర్సంపేట దగ్గర ఊళ్లో అరవై అయిదు దాటిన అత్తమామలు ఉన్నారు, మామగారి పేరిట నాలుగెకరాల వరి పొలం ఉంది. ఇల్లు, ఇంటి అప్పు రెండూ ఆయన పేరు మీదే, ఈ ఏడాది కట్టిన వడ్డీ 1 లక్షా 70 వేలు. అత్తమామలకు బీమా లేదు, మందులకు, పరీక్షలకు ఏటా యాభై వేలు దాటుతోంది. తమ నలుగురి ఆరోగ్య బీమా ప్రీమియం 18 వేలు. "డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి పిల్లలను చూపిస్తే పన్ను తగ్గుతుంది. ఇంతమందిని పోషిస్తున్న మాకు ఏమీ లేదా? ఏ రసీదులు దాచుకోవాలి?" అని అడిగారు.

సూటి సమాధానం ముందు చెబుతాను. మీ ఇంటికి కొత్త పన్ను విధానమే (రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు లేనిది) మేలు. దాని ప్రకారం మీవారికి పన్ను 75,660 రూపాయలు, మీకు సున్నా. పాత విధానంలో మీరు రాసిన మినహాయింపులన్నీ చూపించినా ఆయన పన్ను లక్ష దాటుతుంది. కాబట్టి ఫీజు రసీదులు, మందుల బిల్లులు పన్ను కోసం పోగుచేయడం మానేయవచ్చు. అయితే ఆయన సీపీఎస్‌లో (ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా జమ చేసే పింఛను పథకం) ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఆ ఒక్క విషయాన్ని బట్టి 75,660 కాస్తా సున్నా కూడా కావచ్చు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను హనుమకొండలో రిటర్నులు వేసే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ మంది ఉపాధ్యాయులు, తరువాత సింగరేణి, రైల్వే, ఆసుపత్రి ఉద్యోగులు. మీ ప్రశ్నే ప్రతి ఫిబ్రవరిలో, డీడీవోకు (జీతపు బిల్లులు చేసే అధికారి) ఐటీ ఫారాలు ఇచ్చే రోజుల్లో, ఏదో ఒక రూపంలో నా ముందుకు వస్తుంది. ఇంకో మాట: 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. కానీ ఇప్పుడు వేసే రిటర్ను 2025-26 ఆదాయానిది కాబట్టి దానికి 1961 చట్టమే వర్తిస్తుంది. అందుకని అందరికీ నోటికి వచ్చిన పాత అంకెలే వాడుతున్నాను.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. అమెరికాలో భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేయవచ్చు. 17 ఏళ్లు నిండని ఒక్కో బిడ్డకు 2025 సంవత్సరానికి 2,200 డాలర్ల వరకు, కట్టవలసిన పన్నులోంచే తగ్గిస్తారు. మన దగ్గర ఈ రెండూ లేవు. పాన్ కార్డు ఎవరిదైతే పన్ను వారిది. ఇంట్లో ఇద్దరున్నా పదిమంది ఉన్నా స్లాబులు అవే. 13.60 లక్షలు సంపాదించే పెళ్లికాని కుర్రవాడికీ, ఆరుగురిని పోషించే మీవారికీ కొత్త విధానంలో ఒకటే పన్ను. ఇది న్యాయమా అని అడిగితే నాకూ న్యాయంగా తోచదు. కానీ లెక్క వేసేటప్పుడు చట్టంలో ఉన్నదే చూడాలి కదా.

కుటుంబాన్ని చట్టం గుర్తించే చోటు ఒకటుంది: అవిభక్త హిందూ కుటుంబం. దానికి వేరే పాన్, వేరే రిటర్ను ఉంటాయి. కానీ జీతాన్ని అందులో చూపించడం కుదరదు. పూర్వీకుల నుంచి వచ్చిన ఆస్తి మీద అద్దె గానీ వ్యాపార లాభం గానీ వచ్చే ఇళ్లకే అది పనికివస్తుంది. మీకు అవసరం లేదు.

మినహాయింపు వేరు, రిబేటు వేరు. ఈ తేడా తెలియక చాలామంది మోసపోతారు. మినహాయింపు ఆదాయంలోంచి పోతుంది, రిబేటు పన్నులోంచి పోతుంది. 80సీ కింద (భవిష్య నిధి, బీమా, పిల్లల ఫీజు వంటివి) లక్షన్నర చూపిస్తే లక్షన్నర మిగలదు. పాత విధానంలో 20 శాతం స్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి మిగిలేది 31,200. మార్చి నెలలో బీమా ఏజెంట్లు ఇంటికి వచ్చి "సార్, లక్ష కడితే ట్యాక్స్ మిగులుతుంది" అంటారు. మిగిలేది 20,800, చేతిలోంచి పోయేది లక్ష, అదీ ఇంకో ఇరవై ఏళ్ల పాటు ప్రతి ఏడాదీ. బీమా కావాలంటే బీమా కోసం తీసుకోండి. కొత్త విధానంలో ఉన్నవారికి ఆ 20,800 కూడా మిగలదు. ఈ మాట ఏజెంటు చెప్పడు.

ఇప్పుడు మీ లెక్క.

కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10, 12 నుంచి 16 దాకా 15, 16 నుంచి 20 దాకా 20, 20 నుంచి 24 దాకా 25, ఆపైన 30 శాతం. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (ఏ రసీదూ లేకుండా జీతంలోంచి తీసేసే మొత్తం) ఉంది. అది తీసివేశాక మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే 87ఏ రిబేటు కింద 60 వేల వరకు పన్ను మొత్తం రద్దవుతుంది. జీతం 12 లక్షల 75 వేల దాకా పన్ను లేదని అందరూ అనుకునేది ఈ లెక్కతోనే.

మీవారి 13,60,000లో 75 వేలు తీస్తే 12,85,000. పన్ను 20 వేలు, 40 వేలు, 12,750 కలిసి 72,750. దాని మీద 4 శాతం సెస్సు 2,910. మొత్తం 75,660.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలే. వృత్తి పన్ను 2,400 తీయవచ్చు (నెలకు 20 వేలు దాటిన జీతానికి మన రాష్ట్రంలో నెలకు 200 కోస్తారు). ఇంటి అప్పు వడ్డీ 1,70,000, 80సీ నిండుగా 1,50,000, మీ ఇంటి ఆరోగ్య బీమా 18,000, అత్తమామల వైద్య ఖర్చు 50,000. ఇవన్నీ పోగా 9,19,600 మిగులుతుంది. పన్ను 96,420, సెస్సుతో 1,00,277. అంటే ఇన్ని కాగితాలు పెట్టినా దాదాపు 24,600 ఎక్కువ కట్టాలి.

ఈ జీతానికి రెండు విధానాలూ సమానం కావాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా ఇంకా 5 లక్షల పైచిలుకు మినహాయింపులు ఉండాలి. మీకున్నవి 3 లక్షల 90 వేలు. సొంతింట్లో ఉంటున్నారు కాబట్టి ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపు కూడా రాదు. జీతంతో పాటు వచ్చే హెచ్‌ఆర్‌ఏ మొత్తం ఆదాయమే.

ఇక సీపీఎస్ సంగతి. 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవారు సీపీఎస్‌లో ఉంటారు. వారి జీతంలోంచి మూల వేతనం, డీఏ మీద 10 శాతం కోస్తారు, ప్రభుత్వం అంతే మొత్తం తన వాటాగా జమ చేస్తుంది. ఉద్యోగి వాటాకు కొత్త విధానంలో మినహాయింపు లేదు. ప్రభుత్వ వాటాకు మాత్రం 80సీసీడీ(2) కింద ఉంది, వేతనం, డీఏలో 14 శాతం దాకా. కొత్త విధానంలో మిగిలిన అతి కొద్ది మినహాయింపుల్లో ఇదొకటి.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ప్రభుత్వ వాటా ముందు జీతంలో కలవాలి, ఆ తరువాతే తీసివేయాలి. మీరు రాసిన 13.60 లక్షల్లో ఆ వాటా కలిసి ఉంటే మీ అదృష్టం. ఉదాహరణకు అది 1 లక్షా 10 వేలు అనుకుందాం. 12,85,000లోంచి అది పోతే 11,75,000. పన్ను సున్నా. కానీ 13.60 లక్షలు చేతికి వచ్చే జీతపు బిల్లుల మొత్తం మాత్రమే అయి, ప్రభుత్వ వాటా అందులో లేకపోతే, దాన్ని ఒకసారి కలిపి ఒకసారి తీయాలి. ఫలితం ఏమీ మారదు. కలపకుండా తీసేసిన ఫారాలు ప్రతి ఏడాదీ చూస్తున్నాను. ఒక ఉపాధ్యాయుడు తయారు చేసిన లెక్కల ఫైలు వాట్సాప్‌లో మండలమంతా తిరుగుతుంది, అందులో ఈ వరుస తప్పుగా ఉంటే మండలమంతా తప్పే. ఫారం 16 (ఏడాది జీతం, కోసిన పన్ను వివరాలతో ఆఫీసు ఇచ్చే పత్రం) పార్ట్ బీలో స్థూల జీతం ఎలా వచ్చిందో జీతపు బిల్లులతో సరిచూడండి. మీవారు 2004 సెప్టెంబరుకు ముందు చేరి జీపీఎఫ్‌లో (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) ఉంటే ఈ పేరా మీకు వర్తించదు.

పన్నెండు లక్షల గీత గురించి ఇంకొక భయం ఉంది. భూపాలపల్లి గనిలో పనిచేసే ఒకాయన దసరాకు ముందు వచ్చే లాభాల వాటా, దీపావళి బోనసు కలిశాక జీతం 12,85,000 అయిందని కంగారుగా వచ్చారు. "పది వేలు ఎక్కువైనందుకు అరవై వేలు కట్టాలా?" అన్నారు. అక్కర్లేదు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఆయన ఆదాయం 12,10,000. స్లాబుల ప్రకారం 61,500 వస్తుంది కానీ, గీత దాటిన పది వేల కంటే పన్ను ఎక్కువ ఉండకూడదని మార్జినల్ రిలీఫ్ ఇచ్చారు. సెస్సుతో 10,400 కట్టారు. ఈ ఊరట జీతం సుమారు 13 లక్షల 45 వేల దాకా పనిచేస్తుంది. మీవారు దానికి కొద్దిగా అవతల పడ్డారు.

ఏడాదిలో ప్లాటు అమ్మినవారు మాత్రం ఈ లెక్కను నమ్ముకోకండి. ప్లాటు మీద వచ్చిన లాభం కూడా మొత్తం ఆదాయంలో చేరుతుంది. అది కలిసి 12 లక్షలు దాటితే జీతం మీద రిబేటు కూడా పోతుంది. లాభం మీద పడే ప్రత్యేక రేటు పన్నుకు రిబేటు ఎలాగూ లేదు.

మరి పాత విధానం ఎవరికి పనికివస్తుంది? నా దగ్గర అలాంటివారు ఏడాదికేడాది తగ్గుతున్నారు కానీ, ఉన్నారు. ఒక లెక్చరర్ ఉన్నారు. జీతం 15 లక్షలు. ఇంటి అప్పు వడ్డీ పూర్తిగా 2 లక్షలు, 80సీ లక్షన్నర, ఎన్‌పీఎస్‌లో (జాతీయ పింఛను పథకం) అదనంగా 50 వేలు, తల్లిదండ్రుల వైద్యానికి 50 వేలు. వీటికి తోడు వారి అబ్బాయికి తీవ్ర వైకల్యం ఉంది, దానికి 1 లక్షా 25 వేలు. మొత్తం 5 లక్షల 75 వేలు. పాత విధానంలో పన్ను సుమారు 90,500, కొత్తదానిలో 97,500. ఇన్ని ఉన్నా తేడా ఏడు వేలే.

ఆ వైకల్యం మినహాయింపు గురించి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నిజంగా అర్హులైనవారే దీన్ని వదిలేస్తున్నారు. మీ మీద ఆధారపడిన భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఎవరికైనా 40 శాతం వైకల్యం ఉంటే 80డీడీ కింద 75 వేలు, 80 శాతం, ఆపైన ఉంటే 1 లక్షా 25 వేలు. ఎంత ఖర్చయిందన్న దానితో నిమిత్తం లేకుండా మొత్తం వస్తుంది, బిల్లులు అడగరు. సదరం శిబిరంలో ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ వంటివాటికి 10-ఐఏ ఫారం కూడా కావాలి. పింఛను కోసం సదరం పత్రం తీసుకున్న ఇళ్లలోనే, ఉద్యోగం చేసే కొడుకుకు అది పన్నులో పనికివస్తుందని తెలియదు.

రెండో రకం, పిల్లలను విదేశాలకు పంపినవారు. వరంగల్‌లో ఈ ఇళ్లు ఎన్నో. చదువు అప్పు మీద కట్టిన వడ్డీకి 80ఈ కింద పరిమితి లేదు. మూడు లక్షలు కడితే మూడు లక్షలూ పోతాయి. కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్ల పాటు ఉంటుంది. అసలుకు మినహాయింపు లేదు. తండ్రి అప్పు పత్రంలో రుణగ్రహీతగానో సహ రుణగ్రహీతగానో ఉండి, తన ఖాతాలోంచి కట్టాలి. అప్పు బ్యాంకుదో, గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థదో కావాలి. చిట్టీ పాడి, బంగారం కుదువపెట్టి, తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పంపినవారికి ఏమీ రాదు. వడ్డీ భారం వారికే ఎక్కువ, మినహాయింపు మాత్రం బ్యాంకు మెట్లు ఎక్కగలిగినవారికే. ఇదంతా పాత విధానంలోనే అని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

మూడో రకం, పెద్ద జీతంతో అద్దె ఇంట్లో ఉండేవారు. హెచ్‌ఆర్‌ఏ మినహాయింపుకు మూడు అంకెలు చూస్తారు: వచ్చిన భత్యం, కట్టిన అద్దెలో వేతనం మీద పది శాతం పోగా మిగిలినది, వేతనంలో 40 శాతం. ఈ మూడింటిలో తక్కువది ఇస్తారు. ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. నాన్న పేరిట ఉన్న ఇంట్లో ఉంటూ ఆయనకు అద్దె కట్టవచ్చా అని అడుగుతారు. కట్టవచ్చు. కానీ నెలనెలా బ్యాంకు ద్వారా నిజంగా కట్టాలి, నాన్న తన ఆదాయంలో దాన్ని చూపించాలి. చివరి రోజున రెవెన్యూ స్టాంపు అంటించి పన్నెండు రసీదులు ఒకే కలంతో రాసుకోవడాన్ని అద్దె కట్టడం అనరు.

మీరు ప్రత్యేకంగా అడిగిన పిల్లల ఫీజుల విషయం. పాత విధానంలో 80సీ కింద ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు మాత్రమే చూపవచ్చు. హాస్టలు, బస్సు, పుస్తకాలు, అభివృద్ధి రుసుము, విరాళం, కోచింగ్ ఏవీ కుదరవు. ఇంటర్ కాలేజీ కట్టించుకున్న లక్షన్నరలో ట్యూషన్ ఫీజు అని రసీదు మీద ఉన్నది ఎంతో చూస్తే చాలామందికి నవ్వు వస్తుంది. పైగా ఉపాధ్యాయుడికి జీపీఎఫ్, రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా కోత, ఇంటి అప్పు అసలు కలిస్తేనే లక్షన్నర నిండిపోతుంది. నిండిన కుండలో ఇంకో చెంబెడు నీళ్లు పోసినట్టే ఆ రసీదులు.

అమ్మాయి పేరిట చిన్నప్పుడే సుకన్య ఖాతా తెరిచి ఉంటే, కొత్త విధానంలోకి వెళ్లామని దాన్ని ఆపకండి. జమ చేసినదానికి మినహాయింపు పోయింది కానీ, వచ్చే వడ్డీకి కొత్త విధానంలోనూ పన్ను లేదు. పీపీఎఫ్‌కూ అంతే.

అత్తమామల వైద్యం విషయంలో 80డీ ఇలా పనిచేస్తుంది. అరవై దాటినవారికి ఆరోగ్య బీమా ప్రీమియం 50 వేల వరకు, లేదా బీమా లేకపోతే వైద్య ఖర్చు అంతే మొత్తం. నగదుగా ఇచ్చింది చెల్లదు, ఫోను ద్వారానో కార్డుతోనో కట్టి ఉండాలి. ముందుజాగ్రత్త పరీక్షలకు మాత్రం 5 వేల దాకా నగదు ఒప్పుకుంటారు, అదీ ఆ పరిమితి లోపలే. ఇందులో ఒక మెలిక ఉంది: తల్లిదండ్రులు అంటే కట్టేవారి సొంత తల్లిదండ్రులే. మీ అత్తమామల ఖర్చు మీవారు చూపించవచ్చు, మీరు చూపించలేరు. మీ అమ్మానాన్నలది మీరు చూపించవచ్చు, మీవారు చూపించలేరు. డయాలసిస్, క్యాన్సర్ వంటి జబ్బులకు 80డీడీబీ కింద వేరుగా 40 వేలు, రోగి అరవై దాటితే లక్ష. ఆరోగ్యశ్రీ గానీ ఉద్యోగుల ఆరోగ్య పథకం గానీ భరించిన బిల్లును మీరు కట్టినట్టు చూపకూడదు. ఇవి కూడా పాత విధానంలోవే.

ఎవరి పేరు మీద ఉంది, ఎవరి ఖాతాలోంచి వెళ్లింది. సగం తగాదాలు ఇక్కడే. ఒక బ్యాంకు ఉద్యోగి మంచి రోజు చూసి ఇల్లు భార్య పేరిట రిజిస్టర్ చేయించారు. అప్పు తన పేరిట తీసుకుని వాయిదాలు తానే కట్టారు. ఇంటికి యజమాని కాదు కాబట్టి వడ్డీ మినహాయింపు ఆయనకు రాలేదు. భార్యకు ఆదాయం లేదు కాబట్టి ఆమెకూ ఉపయోగపడలేదు. ఇద్దరి పేర్లా ఇల్లు, ఇద్దరి పేర్లా అప్పు ఉండి ఇద్దరూ కడితే, సొంతానికి ఉండే ఇంటి మీద పాత విధానంలో ఒక్కొక్కరికి 2 లక్షల వరకు వస్తుంది. కొత్త విధానంలో సొంతింటి వడ్డీకి ఏమీ లేదు. అద్దెకిచ్చిన ఇంటి వడ్డీని మాత్రం ఆ అద్దె మేరకు తీయవచ్చు.

డబ్బు ఇంట్లోవాళ్ల పేరిట మార్చితే పన్ను తగ్గుతుందా అన్నది అందరికీ వచ్చే ఆలోచన. మీవారు తన డబ్బు ఐదు లక్షలు మీకిచ్చి, మీరు దాన్ని డిపాజిట్ చేస్తే, ఆ వడ్డీ చట్టం దృష్టిలో ఆయన ఆదాయమే. మైనరు పిల్లల పేరిట వేసినా తల్లిదండ్రులలో ఎక్కువ ఆదాయం ఉన్నవారికే కలుస్తుంది. తల్లిదండ్రులకు ఇచ్చినదానికి ఈ నిబంధన లేదు. దగ్గరి బంధువులిచ్చిన బహుమతి మీద తీసుకున్నవారికీ పన్ను లేదు. మామగారి పేరిట డిపాజిట్ వేస్తే వడ్డీ ఆయన ఆదాయం అవుతుంది, ఆయనకు పన్ను పడే ఆదాయం లేకపోతే బ్యాంకుకు 15హెచ్ ఫారం ఇచ్చి టీడీఎస్ (ముందే పన్ను కోయడం) లేకుండా చూసుకోవచ్చు. అయితే ఆ డబ్బు నిజంగా ఆయనదైపోతుంది. రేపు పంపకాలలో మీ ఆడపడుచులకూ అందులో వాటా ఉంటుంది. పన్ను మిగిలిందని మొదలుపెట్టి పంచాయితీ దాకా వెళ్లిన ఇళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

మామగారి నాలుగెకరాల పంట ఆదాయం ఆయనదే, దానికి పన్ను లేదు, మీ లెక్కలో చూపనక్కర్లేదు. ఎప్పుడైనా భూమి మీవారి పేరిట మారితే అప్పుడు మారుతుంది. పంట గానీ కౌలు గానీ ఏడాదికి 5 వేలు దాటితే రిటర్నులో చూపించాలి, ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పంట మీద పన్ను పడదు కానీ, జీతం ఏ స్లాబు నుంచి లెక్క కట్టాలో నిర్ణయించడానికి దాన్ని కలుపుతారు. ఇంటి పెద్ద మరణించి కుటుంబ పింఛను వస్తున్నవారికి ఇంకో మాట. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ సొంత పింఛనుకే. కుటుంబ పింఛనుకు కొత్త విధానంలో మూడో వంతు లేక 25 వేలు, ఏది తక్కువైతే అది.

ఇంత చదివాక "మా తోటి ఉద్యోగికి నలభై వేలు రీఫండు వచ్చింది, మాకెందుకు రాదు" అని మీవారు అడిగే అవకాశం ఉంది. రీఫండులో పది శాతం తీసుకుని రిటర్ను వేసే మధ్యవర్తులు మన ఊళ్లోనూ ఉన్నారు. లేని చదువు అప్పు, ఎప్పుడూ ఇవ్వని పార్టీ విరాళం, ఇంట్లో ఎవరికీ లేని జబ్బు అన్నీ చూపిస్తారు. కాజీపేటలో రైల్వేలో పనిచేసే ఒకాయనకు అలాగే రీఫండు వచ్చింది. పోర్టల్‌లో ఈమెయిలు, ఫోను నంబరు రెండూ ఆ మధ్యవర్తివే పెట్టడంతో తరువాత వచ్చిన నోటీసుల సంగతి ఈయనకు చాలాకాలం తెలియలేదు. తప్పుడు వివరాలు ఇచ్చినట్టు తేలితే ఎగవేసిన పన్నుకు రెండింతలు జరిమానా వేసే అధికారం వారికుంది, అదీ పన్ను, వడ్డీ మీద అదనంగా. 2025 జూలైలో ఇలాంటి బూటకపు మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది తమంతట తామే రిటర్నులు సరిదిద్దుకుని 1,045 కోట్ల మేర తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా ప్రకటించింది. ఇప్పుడు పాత విధానంలో వేసేవారు పాలసీ నంబరు, అప్పు ఖాతా నంబరు కూడా రాయవలసి వస్తోంది, ఉత్త అంకె వేస్తే ఫారం ముందుకు కదలదు. పోర్టల్‌లో ఉన్న ఫోను నంబరు మీదేనా అని ఈ రోజే చూసుకోండి.

డీడీవోకు ఫిబ్రవరిలో ఏ విధానం రాసిచ్చినా, రిటర్ను వేసేటప్పుడు మార్చుకునే హక్కు జీతగాళ్లకు ఉంది, ప్రతి ఏడాదీ. కానీ జూలై 31 గడువు దాటితే పాత విధానం ఎంచుకునే వీలు పోతుంది. వ్యాపారం, వృత్తి ఆదాయం ఉన్నవారికి ఈ స్వేచ్ఛ లేదు. వారు 10-ఐఈఏ ఫారం వేసి పాతదానికి వెళితే, వెనక్కి రావడం ఒక్కసారే.

డీఏ, పీఆర్సీ బకాయిలు ఒకేసారి వచ్చి ఆదాయం పెరిగిన ఉపాధ్యాయులకు సెక్షన్ 89 కింద ఉపశమనం కొత్త విధానంలోనూ ఉంది. బకాయిలు ఏ ఏడాదివో ఆ ఏడాదికి పంచి లెక్క కడతారు. మీవారి 13.60 లక్షల్లో పాత బకాయిలు ఎంత ఉన్నాయో చూడండి, వాటి వల్ల పన్ను ఇంకా తగ్గవచ్చు. 10ఈ ఫారాన్ని పోర్టల్‌లో రిటర్ను కంటే ముందు దాఖలు చేయాలి. డీడీవోకు కాగితం మీద ఇచ్చినది లెక్కలోకి రాదు, ఆ తరువాత శాఖ ఉపశమనాన్ని కొట్టేసి డిమాండు పంపుతుంది.

చివరగా మీ సంగతి. మీ 4.20 లక్షలు జీతంగా ఇస్తూ ఉంటే 75 వేలు పోగా నాలుగు లక్షల లోపే ఉన్నారు, పన్ను లేదు. కానీ కొన్ని ఆసుపత్రులు నర్సులను, టెక్నీషియన్లను జీతగాళ్లుగా కాక వృత్తి నిపుణులుగా చూపించి పది శాతం టీడీఎస్ కోస్తాయి. పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పేరున కోసిన పన్నుల పట్టిక) తెరిచి మీ పేరున సెక్షన్ 192 (జీతం) అని ఉందా, 194జే (వృత్తి రుసుము) అని ఉందా చూడండి. 194జే ఉంటే స్టాండర్డ్ డిడక్షన్ రాదు, రిటర్ను ఫారం కూడా మారుతుంది. అయినా రిబేటు వల్ల మీకు పన్ను పడదు. కోసిన 42 వేలు మాత్రం రిటర్ను వేస్తేనే మీ ఖాతాలోకి తిరిగి వస్తాయి.